మూడు చుట్టల వాగు

మా ఇంట్లో నేల కడగాలంటే మా మామగారి అనుమతి కావాలి. వసారా నిండా నాపరాళ్ళు పరిచి ఉండేవి. ఆయన వాటి మీద సుద్దముక్కతో లెక్కలు చేసేవారు. పలక చాలదట. పొద్దున్నే నేను బిందె, చీపురు పట్టుకుని వస్తే, "ఆగమ్మాయ్, ఆ మూల రాయి మీదది ఇంకా తేలలే. అదొదిలేసి మిగతాది కడుక్కో" అనేవారు. ఒక రాయి వదిలి ఇంకో రాయి కడగడం ఎట్లాగో మీరే చెప్పండి. ఒకసారి ఆ మూలకు నీళ్ళు పారి వారం రోజుల లెక్క కొట్టుకుపోయింది. ఆయన చొక్కా తొడుక్కుని పొలం వెళ్ళి సాయంత్రం దాకా రాలేదు. నాలుగు తిట్టినా బాగుండేది.

రెండో ప్రపంచ యుద్ధం మొదలైన ఏడాది నేను ముప్పాళ్ళ నుంచి ఆ ఇంటికి కోడలిగా వచ్చాను. రెంటచింతలకు రెండు మైళ్ళ దూరంలో పల్లె. రెంటచింతల ఎండ గురించి విన్నవాళ్ళకు మా ఊరి ఎండ గురించి వేరే చెప్పక్కర్లేదు. ఇంట్లో మామగారు, అత్తగారు, మా ఆయన, నేను. ఆడబిడ్డ ఒక్కతే, నాకంటే ఏడాది చిన్న. ఆమెను మాచర్ల వైపు ఇచ్చారు. మాది కతోలిక ఇల్లు. పొద్దున గుడి గంటకు లేవాలి, సాయంత్రం జపమాల చెప్పుకోవాలి. జపమాల చేతిలో ఉన్నప్పుడు కూడా మామగారి వేళ్ళు పూసలు కాకుండా ఇంకేదో లెక్కపెడుతున్నాయని అత్తగారికి అనుమానం. అడిగితే ఆయన నవ్వేవారు, కాదని మాత్రం అనేవారు కాదు.

విక్టోరియా రాణి కాలంలో పుట్టానని ఆయనకు మహా గొప్ప. "మేం రాణి నాటి వాళ్ళం అమ్మాయ్. ఇప్పటి వాళ్ళకి పదహారో ఎక్కం రాదు, ఉన్నమాట చెప్పడం రాదు" అనేవారు. అంత గొప్పలు పోయే మనిషి బడి గడప తొక్కింది లేదు. పన్నెండో ఏట భూములు కొలిచే సర్వే వాళ్ళ వెంట గొలుసు లాగే కూలికి వెళ్ళారు. అక్కడ ఒక తెల్లదొర చెరువుకు ఈ గట్టున నిలబడి, అవతలి గట్టుకు పోకుండానే దూరం ఎంతో చెప్పాడట. అది విని ఒళ్ళు ఝల్లుమన్నదని ముసలితనంలో కూడా చెప్పేవారు. వెళ్ళేటప్పుడు ఆ దొర మొదటి పేజీలు చిరిగిన రేఖాగణితం పుస్తకం ఒకటి ఇచ్చిపోయాడు. అది ఇంగ్లీషులో ఉంది. మా గుడి ఫాదరు స్వాములవారి దగ్గర అక్షరాలు నేర్చుకుని, మిగతాదంతా పొలం గట్ల మీద కూచుని తనే కూడబలుక్కున్నారు. ఇంగ్లీషు వల్ల లెక్క వచ్చిందో, లెక్క వల్ల ఇంగ్లీషు వచ్చిందో ఆయనకే తెలియదు.

ఆయనకున్న ఇంకో పిచ్చి, కథలు. పురాణాలు కాదు, ఊళ్ళ కథలు. ఫలానా దిబ్బ మీద దీపం ఎందుకు పెట్టరు, ఫలానా బండ పక్కగా కొత్త పెళ్ళికూతురు ఎందుకు నడవదు, ఇలాంటివి. గొర్రెల కాపరుల దగ్గరా, నాట్లేసే ఆడవాళ్ళ దగ్గరా కూచుని రాసుకొచ్చేవారు. నాట్లు వచ్చినా కోతలు వచ్చినా మా ఆయన ఒక్కడే చాకిరీ చేసుకోవాలి. నేను విసుక్కుంటే మామగారు నాకు నచ్చజెప్పేవారు. "పెద్దోళ్ళు కథలో లెక్క దాచి పెట్టారమ్మాయ్. చదువు రానోడికి లెక్క ఇస్తే పారేసుకుంటాడు. కథ ఇస్తే దాచుకుంటాడు." ఊరికి ఆయనంటే భక్తి. బావి లోతుకు రాయి ఎంత పట్టుద్దో, పందిరికి తాటాకు ఎంత పట్టుద్దో అడిగి వెళ్ళేవాళ్ళు. నేనున్న అన్నేళ్ళలో ఆయన చెప్పిన లెక్క తప్పింది ఒక్కటే. ఆ ఒక్కటీ మా ఆడబిడ్డను తీసుకుపోయింది.

మా ఊరికీ పెద్ద రోడ్డుకీ మధ్య ఒక వాగు ఉంది. ఏడాదిలో తొమ్మిది నెలలు దానిలో నీళ్ళకంటే రాళ్ళే ఎక్కువ. వానాకాలంలో మాత్రం దాన్ని నమ్మడానికి లేదు. మా నెత్తిన చుక్క పడకుండానే, ఫెళ్ళున ఎండ కాస్తుండగానే, ఎగువన కొండల్లో కురిసిన వాన మనిషి నిలువెత్తున వచ్చిపడేది. అందుకని ఊళ్ళో ఒక కట్టుబాటు. ఎగువ కొండ మబ్బు పట్టి నల్లబడిందంటే వాగు దాటే రేవులో ఎవరూ దిగకూడదు. పెళ్ళి బండి అయినా, పెట్టెలో శవం అయినా ఈ ఒడ్డున ఆగాల్సిందే. వాగు వచ్చి, పోయి, రాళ్ళు మళ్ళీ కనబడ్డాకే దాటాలి. ఒక్కోసారి పూట పట్టేది, ఒక్కోసారి రెండు రోజులు. తొందరున్న వాళ్ళు నాలుగు గంటల చుట్టుదారిన పోయేవాళ్ళు.

ఆ కట్టుబాటుకు ఒక కథ ఉంది. వాగు కొండకు చెల్లెలట. అన్న ఆమెకు సారె పెట్టకుండా వట్టి చేతులతో అత్తగారింటికి పంపాడట. ఆ కోపం ఆమెకు ఇప్పటికీ పోలేదు. కొండ మొహం నల్లబడినప్పుడల్లా ఆమె బయలుదేరుతుంది. ఆపలేక, మొహం చూపించలేక అన్న అక్కడే కూచుని చుట్ట కాల్చుకుంటాడు. ఆయన మూడో చుట్ట అయ్యేసరికి ఆమె మా రేవులో ఉంటుంది. ఎదురొచ్చిన వాళ్ళను సారెగా పట్టుకుపోతుంది. మా అత్తగారు ఈ కథ చెప్పేటప్పుడు గొంతు తగ్గించి చెప్పేది. నాకు కొత్తలో భయం వేసేది.

నేను వచ్చిన ఏడాదే మామగారు ఎగువ ఊళ్ళకు కథల కోసం వెళ్ళి మూడు రోజులకు తిరిగొచ్చారు. వచ్చి అన్నం దగ్గర కూడా కూచోలేదు. ఎగువ ఊళ్ళో గొర్రెల కాపరి ఒక ముసలాయన ఇదే కథ చెప్పాడట, అయితే అక్కడ అన్న ఒక చుట్టే కాలుస్తాడట. నడిమి ఊళ్ళో రెండు. మా ఊళ్ళో మూడు.

"కొండ నించి ఊళ్ళ దూరాలు కూడా అదే పాళ్ళలో ఉన్నాయమ్మాయ్" అన్నారు. "ఇది కథ కాదు. వాగు ఎంత వేగంగా వచ్చుద్దో మనోళ్ళు కొలిచి పెట్టారు. గడియారం లేని రోజుల్లో చుట్టతో కొలిచారు. ఇక తేలాల్సింది ఒకటే, చుట్టకి ఎన్ని నిమిషాలు."

అది తేల్చడానికి ఆ వేసవి అంతా పట్టింది. స్వాములవారు ఇచ్చిన జేబు గడియారం ఒకటి ఆయన దగ్గర ఉండేది. అత్తగారు చుట్టలు చుట్టేది. ఆమె చుట్ట చుడితే ఊళ్ళో పేరు. ఈనె లేని ఆకు ఏరి, బొటనవేలంత లావున, గట్టిగా బిగించి చుట్టేది. మధ్యాహ్నం వసారాలో తడికలు దించి, మామగారు ఒకటి, అత్తగారు ఒకటి, పక్కింటి పెదనాన్న ఒకటి ముట్టించేవాళ్ళు. పొయ్యిలోంచి నిప్పు తెచ్చి అందించడం నా పని. చుట్ట అయిపోగానే ఆయన గడియారం చూసి నాపరాయి మీద అంకె వేసేవారు. ఇల్లంతా పొగ, నాకు దగ్గు. ఆఖరికి చుట్టకు నలభై నిమిషాలని తేల్చారు. మూడు చుట్టలకు రెండు గంటలు.

అంటే కొండ నల్లబడ్డాక కూడా రెండు గంటలు రేవు దాటవచ్చు. ఆయన ఆ మాట అనగానే అత్తగారు చేతిలో ఉన్న ఆకు పక్కన పెట్టింది.

"కథ పోవద్దని చెప్పింది. నువ్వు పోవచ్చంటన్నావు. ఇదేం లెక్కయ్యా?"

"పోవద్దని కాదే పిచ్చిదానా. ఎంతసేపట్లో పోవాలో చెప్పింది. మనకే ఇన్నాళ్ళు అర్థం కాలే."

"మాకు అర్థమయ్యే ఇన్నాళ్ళు బతికాం" అని ఆమె లేచి లోపలికి వెళ్ళింది.

ఆయన మొండివాడే కానీ ఒళ్ళు తెలియని మనిషి కాదు. ఆ వానాకాలం గడియారం పట్టుకుని ఒడ్డున కూచున్నారు. మొదటిసారి వాగు రెండుంపావు గంటలకు వచ్చింది. రెండోసారి ఇంకా ఆలస్యంగా. "రెండు గంటలకి కొసరు కూడా ఉందమ్మాయ్" అని చిన్నపిల్లాడిలా మురిసిపోయారు. ఆ రెండు రోజులూ వాన కొండకు అవతలి వైపు వాలులో పడిందనీ, ఆ నీళ్ళు చుట్టు తిరిగి వచ్చాయనీ మాకు చాలా తర్వాత తెలిసింది. ఆయన రెండుసార్లు చూసి చాలనుకున్నారు.

చదువు రానివాళ్ళకు గుర్తుండాలని చిన్న పాట కట్టారు.

కొండ నల్లబడితే గుండె జారకు
రెండు గంటలు నీవి, బండి ఆపకు

దీన్ని చావడి గోడ మీద ఎర్ర జాజుతో రాయించారు. పాట ఊరంతా పాకింది. అరక దున్నేవాళ్ళు పాడారు, మందలు తోలేవాళ్ళు పాడారు. పక్క ఊళ్ళకు పోయింది, మాచర్ల సంత దాకా పోయింది. నేనూ పాడాను, అబద్ధం ఎందుకు చెప్పాలి. ఆ పాటలో ఒక పొగరుంది, అది నాకు నచ్చింది. కొండ కాటుక పూసినట్టు ఉండగానే బండ్లు దర్జాగా రేవు దిగేవి. అత్తగారు వసారాలో నిలబడి, బండి వెళ్ళినప్పుడల్లా సిలువ గుర్తు వేసుకునేది. రెండు వానాకాలాలు ఎవరికీ ఏమీ కాలేదు. ఏమీ కాకపోయేకొద్దీ నాకు ఆమెను చూస్తే చిరాకు వేసేది. ముసలామె చాదస్తం అనుకున్నాను.

మూడో ఏడు మా ఆడబిడ్డ మొదటి కాన్పుకు పుట్టింటికి వచ్చింది. తండ్రికి ఆమె పంచప్రాణాలు. రేఖాగణితం ఆమెకూ నేర్పారు. నాపరాళ్ళ మీద తండ్రీ కూతుళ్ళు ఎదురెదురుగా కూచుని గీతలు గీసుకుంటుంటే, నేను చీపురు పట్టుకుని గుమ్మంలో నిలబడి ఉండేదాన్ని. "పోనీలే వదినా, రేపు నేనే కడుగుతా" అనేది. కడిగింది ఎప్పుడూ లేదు. నిండు నెలల పొట్టతో ఎట్లా కడుగుతుంది. నాకు ఆమె మీద కోపం నిలిచేది కాదు.

శ్రావణంలో నొప్పులు మొదలయ్యాయి. ఒక పగలు, ఒక రాత్రి గడిచింది. మర్నాడు మధ్యాహ్నం మంత్రసాని చేతులు కడుక్కుని బయటికి వచ్చింది. "బిడ్డ అడ్డం తిరిగిందయ్యా. నా చేతిలో లేదు. ఆస్పత్రికి తీసుకుపోండి. పొద్దుగూకేదాకా ఓర్చుకుంటది, ఆ పైన నేను చెప్పలేను" అంది. కన్యాస్త్రీల ఆస్పత్రి వాగవతల ఆరు మైళ్ళు. మా ఆయన ఎద్దులను బండికి కట్టాడు, గడ్డి పరిచి పైన బొంత వేశాం. ఆమెను నేనూ అత్తగారూ చెరో చెయ్యి పట్టి ఎక్కించాం. అప్పుడు తల ఎత్తి చూస్తే కొండ నల్లగా ఉంది.

అత్తగారు వెళ్ళి ఎద్దుల ముందు నిలబడింది. "చుట్టుదారిన పోదాం. నాలుగు గంటలే. పొద్దుగూకేలోగా చేరతాం."

మామగారు జేబులోంచి గడియారం తీశారు. "కొండ నల్లబడి అరగంట. నేను చూశా. ఇంకా గంటన్నర ఉంది. రేవుకి అరగంట పట్టిద్ది. ఇంకా గంట మిగిలిద్ది. చుట్టుదారిలో నాలుగు గంటలు ఆ కుదుపులకి బిడ్డ తట్టుకుంటదా?"

"నేను చెప్పేది వినయ్యా."

"నా బిడ్డ సంగతి నాకు తెలవదా?" అన్నారు. ఆయన ఆమె మీద గొంతు పెంచడం నేను వినడం అదే మొదలు.

మా ఆయన అటూ ఇటూ చూస్తున్నాడు. బండిలోంచి ఆడబిడ్డ అంది, పళ్ళు బిగబట్టుకుని, "నాన్న లెక్క తప్పదు. తోలన్నయ్యా."

అత్తగారు పక్కకు తప్పుకుంది. బండి ఎక్కి కూతురి తల ఒళ్ళో పెట్టుకుంది. ఎద్దులకు బరువెక్కువ అవుతుందని మామగారు ఎక్కలేదు. నాకు ఎనిమిది నెలల చంటిపిల్ల, దానికి ఆ రోజు ఒళ్ళు కాలుతోంది. ఇంట్లో ఆయనా, నేనూ, పిల్లా మిగిలాం.

ఆయన వసారా అంచున గడియారం అరచేతిలో పెట్టుకుని కూచున్నారు. మా ఊళ్ళో ఎండ కాస్తోంది. గాలి లేదు. కోళ్ళు వసారా కిందికి చేరాయి. "ఇప్పుడు దిబ్బ దాటి ఉంటారు" అన్నారు. కాసేపాగి, "ఇప్పుడు రేవు కాడికి వచ్చుంటారు" అన్నారు. నేను పిల్లకు తడిగుడ్డ వేస్తున్నాను. ఇంకాసేపటికి, "నొప్పులకి మెల్లగా తోలతన్నారేమో. అయినా భయం లేదు" అన్నారు. నేను ఊకొట్టాను.

అప్పుడు చప్పుడు వినబడింది. మొదట నాకు అర్థం కాలేదు. రాళ్ళ బాట మీద వంద బండ్లు ఒక్కసారి తోలుకొస్తున్నట్టు ఉంది. కోళ్ళు లేచి లోపలికి పరుగెత్తాయి.

మామగారు గడియారం వైపు చూశారు. "అది వాగు కాదు" అన్నారు. "ఇంకా యాభై నిమిషాలుంది."

చప్పుడు పెరిగింది. ఆయన లేవలేదు. గడియారం ఎత్తి చెవి దగ్గర పెట్టుకున్నారు, ఆగిపోయిందేమో అని. ఆ తర్వాత నా వైపు తిరిగారు. ఆ మొహం నేను చచ్చేదాకా మరిచిపోలేను. "ఆడతానే ఉందమ్మాయ్" అన్నారు.

నేను ఆ ఇంటి కోడలినన్న సంగతి మరిచిపోయాను. "మీ లెక్క మండిపోను, లేవండి మామయ్యా" అని అరిచి, పిల్లను చంకనేసుకుని వాగు వైపు పరుగెత్తాను.

మా ఆయననూ అత్తగారినీ కింద మలుపు దగ్గర గొర్రెల కాపరులు గొంగళ్ళు విసిరి లాగారు. బండి చక్రం రేవు మధ్య రాళ్ళలో ఇరుక్కుందట. మా ఆయన దిగి చక్రానికి భుజం పెడుతుండగా వాగు వచ్చిపడిందట. ఎద్దులు పోయాయి, బండి పోయింది. ఆడబిడ్డ మూడో రోజు దిగువ ఊళ్ళో దొరికింది. కడుపులో బిడ్డతోనే పూడ్చాం. అత్తగారు మట్టి వేస్తున్నప్పుడు కూడా ఏడవలేదు. ఆ రోజు నుంచి ఆమె చుట్ట ముట్టలేదు, మామగారితో మాట్లాడలేదు. వేళకు అన్నం పెట్టేది, ఎదురుగా కూచుని గోడ వైపు చూసేది.

వారానికి ఎగువ ఊరి గొర్రెల కాపరి ముసలాయన పరామర్శకు వచ్చాడు, ఒక చుట్ట కథ చెప్పినాయన. మామగారు ఆయన్ను ఒక్కటే అడిగారు. "మీ ఊరికి ఒక చుట్ట, మా ఊరికి మూడన్నారుగా పెద్దోళ్ళు?"

"అన్నారయ్యా. మీరు ఏ చుట్ట కాల్చి చూశారు?"

మామగారు అత్తగారి చుట్ట ఒకటి తెచ్చి చూపించారు. ముసలాయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, తన తలపాగా మడతలోంచి ఇంకోటి తీశాడు. చిటికెనవేలంత, వదులుగా చుట్టింది. "మా చుట్ట ఇదయ్యా. కొండ నల్లబడితే అక్కడ గాలి లేస్తది. ఆ గాలిలో, మంద ఏమైపోద్దో అని భయపడతా పీలుస్తా ఉంటాం. మీరు వసారాలో చల్లగా కూకుని కాల్చుంటారు. భయం లేనోడి చుట్ట చానాసేపు కాలిద్దయ్యా."

మామగారు ఆ సన్న చుట్ట తీసుకుని వాకిట్లో గాలికి నిలబడి ముట్టించారు. గడియారం నాకిచ్చి చూడమన్నారు. ఇరవై మూడు నిమిషాలు పట్టింది. అట్లాంటివి మూడంటే గంటా పది. ఆ రోజు వాగు కొండ నల్లబడిన గంటా పదికే వచ్చింది. కథలో ఏ తప్పూ లేదు. ఆయన ఈసారి రాయి మీద అంకె వేయలేదు. నేను మనసులో లెక్క వేసుకుని, వేసుకున్నందుకు నన్ను నేనే తిట్టుకున్నాను.

మర్నాడు ఆయన సున్నం కుండ, కుంచె పట్టుకుని చావడికి వెళ్ళి గోడ మీది పాట మీద సున్నం కొట్టారు. నలుగురూ చేరారు. "ఎందుకయ్యా చెరపడం, అందరికీ వచ్చుగా" అన్నారు. "అది తప్పు, ఎవరూ పాడమాకండి" అని ఆయన చేతులు పట్టుకుని చెప్పారు. వాళ్ళు ఆయన మొహంలోకి జాలిగా చూశారు. ఒక పెద్దావిడ నాతోనే అంది, "లెక్క తప్పడమేందే. రెండేళ్ళు తప్పలేదుగా. నిండు చూలాలు ఎదురుపడితే వాగు ఊరుకుంటదా? సారె కావాల్సొచ్చి తీసుకుంది." ఆమె నెత్తిన ఆ సున్నం కుండ బోర్లించాలనిపించింది. ఏం చేస్తాం. ఆయన కథనూ నమ్మారు, లెక్కనూ నమ్మారు. ఊరు ఆ రెండిట్లోనూ తనకు నచ్చిందే ఉంచుకుంది.

ఆయన వాగు వెంట ఊరూరూ తిరిగారు. ఎండలో నడిచి వెళ్ళి, ప్రతి చావడిలో అదే మాట చెప్పారు. వాళ్ళు మజ్జిగ ఇచ్చారు, నీడన కూచోబెట్టారు, బిడ్డ పోయిన దుఃఖంలో మతి చలించిందని ఒకళ్ళ చెవిలో ఒకళ్ళు చెప్పుకున్నారు. ఆయన ఇంటికి వచ్చి వేరే పాట కట్టారు, కొండ నల్లబడితే అడుగు వేయొద్దని. ఒక్కరికీ పట్టుబడలేదు. ఆగమని చెప్పే పాట ఎవడు పాడతాడు. పాత పాట మాత్రం ఊరి మీద ఊరు దాటుకుంటూ పోతూనే ఉంది. కొత్తగా ఇంకో రెండు చరణాలు కూడా కలిపారని విన్నాం. వాటిలో వాగును వెక్కిరించారట.

ఇక వానాకాలం వస్తే ఆయన రేవు దగ్గరే ఉండేవారు. కొండ నల్లబడితే చాలు, దారికి అడ్డంగా నిలబడి బండ్లను ఆపేవారు. మా ఊరివాళ్ళు ఆయన మొహం చూసి ఆగేవాళ్ళు. ఆయన ఇంటికి వెళ్ళాక దాటేవాళ్ళు. ఆ సంగతి నాకు తెలుసు, ఆయనకు చెప్పలేదు.

మరుసటి ఏడు శ్రావణంలోనే అనుకుంటాను, ఒక మధ్యాహ్నం నేను అన్నం మూట తీసుకుని రేవుకు వెళ్ళాను. కొండ నల్లబడి ముప్పావు గంట అయిందన్నారు ఆయన. అంతలో ఒక బండి వచ్చింది. మేం ఎరిగిన మనుషులు కారు. నడివయసు మనిషి తోలుతున్నాడు. వెనక గడ్డి మీద పెళ్ళాం, ఇద్దరు పిల్లలు. మామగారు చేతులు చాపి ఎద్దుల ముందు నిలబడ్డారు.

"ఆగు నాయనా. వాగొచ్చిద్ది."

ఆ మనిషి నవ్వుతూ, కొండ నల్లబడితే గుండె జారకు అని పాట అందుకున్నాడు. పిల్లలు కూడా గొంతు కలిపారు. "తప్పుకో తాతా. ఎవరో పెద్ద లెక్కలాయన కట్టిన పాట ఇది. మా ఊళ్ళో పసిపిల్లోడికి కూడా వచ్చు."

"అది కట్టింది నేనే. అది తప్పు. నా బిడ్డే పోయింది" అన్నారు మామగారు.

ఆ మనిషి ఆయన చిరిగిన చొక్కా, పెరిగిన గడ్డం పైనుంచి కిందికి చూశాడు. "ఆయన చచ్చిపోయి చానా కాలమైందంట తాతా" అన్నాడు. కోపంగా కాదు, మంచిగానే అన్నాడు. నేను అడ్డం వెళ్ళి, నిజమే చెబుతున్నారు ఆగన్నయ్యా అన్నాను. వెనక నుంచి అతని పెళ్ళాం, "పొద్దు పోతంది, తోలయ్యా" అంది. అతను ముల్లుకర్ర ఆడించాడు. ఎద్దులు మమ్మల్ని తోసుకుని రేవు దిగాయి. మామగారు బండి వెనక కర్ర పట్టుకుని నాలుగడుగులు ఈడ్చుకుపోయి ఇసుకలో పడిపోయారు. నేను ఆయన్ను లేవదీసేసరికి బండి సగం వాగులో ఉంది.

మేం చూస్తూ నిలబడ్డాం. చక్రాలు రాళ్ళ మీద ఎక్కి దిగుతున్నాయి. ఎక్కడా ఇరుక్కోలేదు. అవతలి గట్టు ఎక్కి, బండి ఆపి, ఆ మనిషి వెనక్కి తిరిగి చెయ్యి ఊపాడు. ఆ తర్వాత పది నిమిషాలకు వాగు వచ్చింది. గట్టు అదిరింది. చెట్ల కొమ్మలు, ఎవరివో మేకలు రెండు కొట్టుకుపోయాయి. అవతలి గట్టున పిల్లలు బండి మీద నిలబడి నీళ్ళను చూసి చప్పట్లు కొడుతున్నారు. తండ్రి నోటికి చేతులు అడ్డం పెట్టుకుని, "చూశావా తాతా, లెక్క తప్పిద్దా" అని కేకేశాడు.

"ఇంక వీడు ఎంతమందికి చెబుతాడో" అన్నారు మామగారు.

ఆ బండి మునిగిపోయి ఉంటే బాగుండేదని నాకు అప్పుడు అనిపించింది. ఆ ఇద్దరు పిల్లలతో సహా. మునిగితే ఆ పాట ఆగిపోయేది. ఇన్నేళ్ళలో ఈ మాట నేను ఎవరికీ చెప్పలేదు, పాపాలు ఒప్పుకునే పాపసంకీర్తనంలో స్వాములవారికి కూడా చెప్పలేదు. తలెత్తి మామగారి వైపు చూశాను. ఆయన చప్పున చూపు తిప్పుకున్నారు, ఆయన మనసులోనూ అదే ఉందని నాకు తెలిసిపోయింది. అన్నం మూట విప్పకుండానే, ఒకరి మొహం ఒకరం చూసుకోకుండా, ఇంటికి నడిచి వచ్చాం.